అచ్చుపని మైనము: తవుటిలోని ధనము

గాజునూలును రెజినును గలిపి చేయు వస్తువులు నేడు మన దేశమున నెల్లెడల గానవచ్చుచున్నవి. ఆంధ్రతీరమున కఱ్ఱతెప్పల స్థానమును చాలవఱకు ఫైబరు పడవలు ఆక్రమించినవి. నీటితొట్లు, కుర్చీలు, తలుపులు సయితము ఈ విధముననే తయారగుచున్నవి. ఇందులకు గొప్ప యంత్రములు అక్కఱలేదు. ఒక అచ్చు, నేర్పరియగు పనివాడు, కొలది సరకులు ఉన్న చాలును. ఆ సరకులలో మిక్కిలి స్వల్పముగా దోచునది మైనము. కాని పని యంతయు దానిపైననే ఆధారపడియున్నది.

అచ్చునకు మైనము సరిగా పట్టనిచో రెజిను దానిని విడువదు. వస్తువు పగులుటయేగాక అచ్చును చెడును. బహుదినముల కూలియు సరకును ఒక్క పూటలో వ్యర్థమగును. ఈ భయముచేతనే చిన్న పనివారు విదేశీ డబ్బామైనమునకు అడిగిన ధర చెల్లించుచున్నారు.

ఆ డబ్బాలలో ప్రశస్తమని పేరుగన్నది కార్నౌబా మైనము. బ్రెజిలు దేశపు ఈశాన్యభాగమున బెరుగు ఒక తాటిజాతి వృక్షపు ఆకులపై ఏర్పడు పూత యది. 82 మొదలు 86 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమికి గాని కరగదు, గట్టిది, మెఱుగెక్కునది. రెజిను గట్టిపడునపుడు తనంతట తానే వేడెక్కును గావున ఈ గుణము ముఖ్యము. మన తేనెమైనము 62 మొదలు 65 డిగ్రీలలోపలనే కరగును, పైగా మెత్తనిది. బజారు పారఫినును ఇట్టిదే. దళసరి పనులకు వీనిని మాత్రమే నమ్మరాదు.

అయిన మనకు వేఱు గతి లేదా? కలదు. తవుటినూనెను చల్లబఱచి వడపోయునపుడు దానిని మసకపఱచు మైనము వేఱుపడును. దీనిని శుద్ధిచేసినచో సుమారు 77 మొదలు 82 డిగ్రీలలో కరగు గట్టిమైనము లభించును. మెఱుగు సరకులలో కార్నౌబాకు ప్రతిగా దీనిని ఇదివఱకే వాడుచున్నారు. చక్కెర కర్మాగారముల వడపోత మడ్డియందును ఇట్టి మైనమే కలదు. వరియు చెఱకును పండించు మన మండలములకు ఇంతకన్న దగ్గఱి సరకేది?

అయినను దేశీయమైనంత మాత్రమున ప్రతి సరకును పనికివచ్చునని చాటుట దేశసేవ గానేరదు. శుద్ధికాని తవుటిమైనములో నూనె మిగిలియుండును. అది అచ్చుపై జిడ్డుగా నిలిచి పని చెఱచును. మోటారుకారుల మెఱుగు మైనము చౌకయే. కాని సిలికోను కలిసినది వాడినచో తరువాత వేయు రంగు చేపకన్నులవలె గుంటలు పడును. ఏ మైనమైనను పలుచగా రాచి, ఆఱినపిదప మెఱుగుపెట్టి, క్రొత్త అచ్చునకు పలుమాఱులు పూయవలయును. దానిపై పాలివినైల్ ఆల్కహాలు ద్రావణము పూసి ఆఱనిచ్చిన మఱియొక కాపు ఏర్పడును. వస్తువు వెలికివచ్చిన పిదప ఆ పొరను నీటితో గడిగివేయవచ్చును. నునుపు కొంత తగ్గినను అచ్చు దక్కును. వడ్రంగుల తెల్లజిగురు ఇది గాదు, భ్రమపడరాదు. అన్నిటికంటె ముందు, అచ్చుతో సమానమగు చిన్న పలకపై పరీక్షింపక పెద్ద పనికి దిగరాదు.

తవుటినూనె మిల్లుల యజమానులు శుద్ధిచేసిన మైనమును చిన్న పరిమాణములలో పనివారికి అందింపవలయును. పాలిటెక్నిక్కులు దానిని పరీక్షించి, ఎన్ని పూతలకు అచ్చు విడుచునో తెలుగున బ్రకటింపవలయును. ఇది కోట్లు కోరు కార్యము గాదు. శ్రద్ధ కోరు కార్యము. మన పొలమున బుట్టిన సరకు మన పనివాని చేతికి జేరకుండుట మాత్రము మనకు శోభ గాదు.