వీసం వస్తుంది, పదో వంతు రాదు!

నౌపడ ఉప్పుమడులు మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడి 100 కేజీల బస్తా ఒకటి ముగ్గురికి సమానంగా పంచాలనుకోండి. ఒక్కొక్కరికి 0.33 వంతు అని రాస్తే 33 కేజీల చొప్పున 99 కేజీలే తేలుతాయి. మిగిలిన కేజీ ఎవరిది? ఒక్క బస్తాకైతే పోనీలే అనుకోవచ్చు. వెయ్యి బస్తాలకైతే పది బస్తాల ఉప్పు లెక్కలోనే కరిగిపోతుంది! అదే 1/3 అని ఉంచితే ఏ గొడవా లేదు.

కంప్యూటరుకీ ఇదే చిక్కు. కాకపోతే దానికి పదో వంతు దగ్గరే వస్తుంది. అది 0, 1 అనే రెండంకెలతోనే లెక్క కడుతుంది. అందుచేత అర, పావు, అరపావు, వీసం (16వ వంతు) దానికి సరిగ్గా కుదురుతాయి. అన్నీ సగానికి సగం చేసినవే కదా! మన తాతల లెక్క దానికి బాగా నప్పిందన్నమాట. 1/10 మాత్రం ఎన్ని అంకెలు రాసినా తెగదు. ఎక్కడో ఒకచోట కోసెయ్యాల్సిందే. పైథాన్ భాషలో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది.

ఇంత చిన్న తేడా ఏం చేస్తుందిలే అనుకోకండి. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో ఏమైందో చూడండి. అక్కడి పేట్రియాట్ క్షిపణి యంత్రం కాలాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కపెట్టేది. ఆ 1/10ని 24 బిట్లలో కోసి పెట్టారు. 100 గంటలు ఆపకుండా నడిచేసరికి తేడా పేరుకుని సెకనులో మూడో వంతు అయింది. అంతలో స్కడ్ క్షిపణి అర కిలోమీటరు దాటిపోతుంది. యంత్రం దాన్ని వేరే చోట వెతికింది. 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు.

పైథాన్‌లో 2008 నుంచి ఫ్రాక్షన్ అనే సాధనం ఉంది. అది భాగించదు. లవాన్నీ హారాన్నీ రెండు పూర్ణ సంఖ్యలుగా విడివిడిగా దాచుకుంటుంది. కలపమంటే మనం నోటుబుక్కులో చేసినట్టే హారాలు సమానం చేసి కలిపి, గ.సా.భా.తో పైనా కిందా కొట్టేస్తుంది. ఫ్రాక్షన్(1, 10) + ఫ్రాక్షన్(2, 10) అంటే 3/10. ఇంకేమీ ఉండదు. (కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, ముందు ఇంపోర్టు చేసుకోవాలి.)

ఇక్కడొక జాగ్రత్త. ఫ్రాక్షన్(0.1) అని ఇవ్వకూడదు. అది అప్పటికే కోసేసిన 0.1. పాపం, ఉన్నదున్నట్టు 3602879701896397/36028797018963968 అని చెప్పేస్తుంది! ఫ్రాక్షన్("0.1") అని కొటేషన్లలో ఇస్తే చక్కగా 1/10 వస్తుంది.

మరి అన్ని లెక్కలూ ఇలాగే చేయొచ్చుగా అంటారేమో. హారాలు ఊరుకోవు, పెరిగిపోతాయి, పని నెమ్మదిస్తుంది. 1 + 1/2 + 1/3 అంటూ 1/10 దాకా కలిపితే 7381/2520. 1/20 దాకా పోతే హారం 15519504! మొదటిది చేత్తో చేసి చూడండి, రెండోది కంప్యూటరుకి వదిలెయ్యండి.