తీరం వెంట చంక్రమణం
విశాఖ నుంచి భీమిలి వరకు ఒక రోజు

దూరాభారం నడిచి డస్సిపోవడం వేరు, ఆగుతూ ఆగుతూ హాయిగా నడవడం వేరు. ఈ భేదాన్ని సుశ్రుతాచార్యుడు ఎంతో సూక్ష్మంగా గుర్తించాడు. కాలినడకన సాగే దీర్ఘప్రయాణాన్ని ఆయన 'అధ్వ' అన్నాడు. అది శరీరకాంతిని, కఫాన్ని, స్థౌల్యాన్ని, సౌకుమార్యాన్ని హరిస్తుందన్నాడు. దేహానికి మితిమీరిన బాధ కలిగించని నడకకు మాత్రం 'చంక్రమణం' అని పేరు. అది ఆయువును, బలాన్ని, మేధను, జఠరాగ్నిని వృద్ధి చేసి, ఇంద్రియాలను మేల్కొలుపుతుందని ఆయన అభిప్రాయం. స్థౌల్యం తగ్గాలంటే అధ్వయే మేలు కదా అని కొందరు నన్ను అడుగుతుంటారు. కొవ్వుతో పాటు కాంతి కూడా పోతుందన్న మాటను వారు చదవకుండా వదిలేస్తారు.

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వరకు సముద్రాన్ని ఆనుకొని సాగే రహదారి సుమారు 25 కిలోమీటర్లు. ఒకవైపు కడలి, మరొకవైపు తూర్పు కనుమల చివరి గుట్టలు. ఎక్కడ ఆగినా అరగంట నడకకు అనువైన చోటు దొరుకుతుంది. చంక్రమణానికి ప్రకృతి ఏర్పరచిన దారి ఇదేనేమో అనిపిస్తుంది. గత మార్గశిర మాసంలో మా అక్కయ్యను, బావగారిని వెంటబెట్టుకొని ఈ దారిన ఒక రోజు గడిపాను. బావగారికి అరవై రెండేళ్లు. పదేళ్లుగా మధుమేహం, నాలుగేళ్లుగా మోకాళ్ల నొప్పులు. ఉపాధ్యాయుడిగా విరమణ పొందాక ఇంటి వసారా దాటడం మానేశారు. "ఆయన చేత నాలుగడుగులు వేయించగలవేమో చూడు తమ్ముడూ" అన్నది అక్కయ్య. నేను వైద్యవృత్తిలో ఉన్నవాడిని. నాకు అది పెద్ద పని అనిపించలేదు.

ముందు రోజు రాత్రి నువ్వులనూనె గోరువెచ్చగా కాచి ఆయన మోకాళ్లకు, పిక్కలకు, అరికాళ్లకు మర్దన చేయించాను. వావిలాకు వేసి మరిగించిన నీటితో కాపడం పెట్టించాను. సంధిగత వాతం ఉన్నవారికి నడక నిషిద్ధం కాదు. ఎండిన ఇరుసును నూనె లేకుండా తిప్పడమే తప్పు. చలికాలాన్ని ఎన్నుకోవడానికి కూడా శాస్త్రమే ఆధారం. హేమంత, శిశిర, వసంత ఋతువులలో బలవంతులు తమ శక్తిలో సగం మేరకు వ్యాయామం చేయవచ్చునని, తక్కిన కాలాలలో అంతకంటె మందంగా చేయాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో నిర్దేశించాడు.

'సగం శక్తి' అంటే ఎంత? కొలిచే పరికరం మన దేహంలోనే ఉన్నది. నుదుట, ముక్కుమీద, చంకలలో, కీళ్ల వద్ద చెమట పుట్టడం, నోరు ఎండడం, ముక్కుతో ఆడే శ్వాస నోటికి రావడం ఆ గుర్తులు. ఇవి కనిపించిన చోట ఆగాలి. నడుస్తూ మాట్లాడగలుగుతున్నామా లేదా అన్నది నేటి వైద్యులు చెప్పే పరీక్ష. రెండింటి తాత్పర్యం ఒక్కటే.

తొట్లు తొలిచిన కొండ

సూర్యోదయ వేళకు రామకృష్ణా బీచ్ ఇసుకమీద పావుగంట నడిచాము. బావగారు చెప్పులు విప్పబోతే వారించాను. తడి ఇసుకలో వట్టికాళ్లతో నడవడం హాయిగానే ఉంటుంది కానీ, మధుమేహం చిరకాలంగా ఉన్నవారికి పాదాలలో స్పర్శజ్ఞానం తగ్గి ఉంటుంది. ఆలుచిప్ప గీరినా తెలియదు. చిన్న గాయమే నెలల తరబడి మానని పుండు కావచ్చు. పాదరక్షలు ధరించాలని మన ఆచార్యులు దినచర్యలోనే చెప్పారు. కైలాసగిరిని, ఋషికొండను దారిలో చూస్తూ దాటిపోయాము. ఋషికొండ వద్ద నీరు ప్రశాంతంగా కనిపించినా లోపలి లాగుడు బలమైనది. ఈత వచ్చునన్న ధీమాతో లోతుకు పోరాదు.

తొట్లకొండ మీద మాత్రం తనివితీరా గడిపాము. సముద్రమట్టానికి సుమారు 128 మీటర్ల ఎత్తున ఉన్న ఈ బౌద్ధక్షేత్రం, నౌకాదళ స్థావరం కోసం జరిపిన సర్వేలో వెలుగులోకి వచ్చింది. 1988-1993 మధ్య రాష్ట్ర పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది. సుమారు రెండువేల ఏళ్ల నాటి ఇటుక స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదుల పునాదులు బయటపడ్డాయి. వాననీటిని నిలువ చేయడానికి కొండరాతిలో తొలిచిన తొట్లవల్లనే ఈ కొండకు ఆ పేరు వచ్చింది. పైవరకు వాహనమార్గం ఉన్నది. మేము కావాలనే కొంత దిగువన బండి ఆపి, చివరి మలుపులు నడిచి ఎక్కాము. బావగారు రెండుచోట్ల ఆగారు. రెండుసార్లూ ఆగమని నేను చెప్పలేదు, ఆయన నుదురే చెప్పింది.

చంక్రమణం అనే మాట బౌద్ధులకూ పవిత్రమైనదే. పాళీలో దానిని 'చంకమ' అంటారు. భిక్షువులు ధ్యానం మధ్యలో లేచి ఒక నియమిత స్థలంలో అటూ ఇటూ నడిచేవారు. దానివలన ఐదు ప్రయోజనాలు కలుగుతాయని అంగుత్తర నికాయం చెబుతున్నది: ప్రయాణాన్ని తట్టుకునే ఓర్పు, సాధనకు తగిన శక్తి, అల్పరోగత్వం, తిన్నదీ తాగినదీ చక్కగా జీర్ణం కావడం, చిరకాలం నిలిచే ఏకాగ్రత. సుశ్రుతుని మాటకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో పాఠకులు గమనించగలరు. ఆ గదుల పునాదుల ఎదుట నిలిచి తూర్పున సముద్రాన్ని చూస్తుంటే, ఈ నేలమీద ఎన్ని తరాల పాదాలు మెల్లగా నడిచాయో అనే ఆలోచన కలిగింది. బావగారు పిల్లలకు పాఠం చెప్పినట్లు మాకు బౌద్ధచరిత్ర చెప్పసాగారు. చాలాకాలం తర్వాత విన్న గొంతు అది.

దిగేటప్పుడే జాగ్రత్త కావాలి. ఎక్కడంలో గుండెకు పని, దిగడంలో మోకాలికి బరువు. చేతికర్ర ఆనించి, అడుగులు చిన్నవి చేసి, వంపులలో కాస్త అడ్డంగా దిగితే కీలుమీద తాకిడి తగ్గుతుంది. కొండ దిగువన మంగమారిపేట తీరంలో అలల తాకిడికి కోసుకుపోయి ఏర్పడిన సహజ శిలాతోరణాన్ని కొద్దిసేపు చూసి ముందుకు సాగాము. అప్పటికి పది దాటింది. ఎర్రమట్టి దిబ్బలను సాయంత్రానికి వాయిదా వేయవలసింది. ఆయన ఉత్సాహాన్ని చూసి నేనే "ఇప్పుడే చూసేద్దాం" అన్నాను.

దిబ్బల మధ్య జరిగినది

భీమిలికి చేరువలో ఉన్న ఈ దిబ్బలు వేల సంవత్సరాలుగా గాలి, నీరు, సముద్రమట్టపు మార్పులు కలిసి పోగుచేసిన ఇసుక మేటలు. ఇసుక రేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడు వలన వాటికి ఆ ఎరుపు. వానకు కోసుకుపోయి లోతైన గండ్లుగా, నిటారు గోడలుగా నిలిచాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ గుర్తించిన జాతీయ భూవారసత్వ స్థలాలలో ఇది ఒకటి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరింది. అటువంటి గోడలమీద పేర్లు చెక్కేవారిని చూస్తే బాధ కలుగుతుంది. రెండు వానలకు ఆ పేరూ పోతుంది, దానితో పాటు గోడా పోతుంది.

శీతకాలపు ఎండే అయినా ఆ గండ్లలో గాలి ఆడదు. ఇసుకలో కాలు దిగబడి, అడుగుకు రెట్టింపు శ్రమ పడుతుంది. ఇరవై నిమిషాలు నడిచామో లేదో, బావగారు హఠాత్తుగా ఆగి గోడకు చేయి ఆన్చారు. అక్కయ్య ఏదో అడిగితే విసుక్కున్నారు. ఆయన విసుక్కునే మనిషి కారు. చేతులు వణుకుతున్నాయి, ఒళ్లంతా చెమట. ఎండదెబ్బ అనుకొని నీడకు జరిపి, వెంట తెచ్చిన మెంతిపొడి కలిపిన మజ్జిగ తాగించాను. నుదుటిమీద చేయి వేసి చూశాను. చల్లగా ఉంది. అప్పటికీ నాకు తట్టలేదు. "ఏమండీ, కళ్లు తెరవండి" అంటూ అక్కయ్య తన సంచిలోని తాటిబెల్లం ముక్క తీసి ఆయన నోట్లో పెట్టింది. "పొద్దున మాత్ర వేసుకున్నారు, ఒళ్లు తేలిగ్గా ఉండాలని ఒక్క ఇడ్లీతో లేచారు తమ్ముడూ" అన్నది.

పది నిమిషాలలో ఆయన తేరుకున్నారు. నాకు మాత్రం అప్పుడు ముచ్చెమటలు పోశాయి. అది ఎండదెబ్బ కాదు. రక్తంలో చక్కెర పడిపోవడం. నేను ఇచ్చినది తీపి లేని మజ్జిగ. అందులో మెంతులు, అవి కూడా చక్కెరను తగ్గించే గుణం కలవే. నాడి పట్టి చూసే చేతులు నావి, జబ్బును గుర్తించిన కళ్లు అక్కయ్యవి.

ఈ విషయాన్ని కాస్త విపులంగా చెప్పక తప్పదు. మధుమేహానికి గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లామైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడేవారు తగినంత తినకుండా అలవాటు లేని నడకకు దిగితే ఇలా జరగవచ్చు. చల్లని చెమట, వణుకు, గుండెదడ, అకస్మాత్తుగా ఆకలి, కారణం లేని చిరాకు, మాట తడబడడం దీని లక్షణాలు. స్పృహ ఉన్నంతవరకు మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి తాగించాలి. పంచదార లేనిచోట బెల్లమైనా మేలే. పావుగంటలో కుదుటపడకుంటే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నాక అన్నమో రొట్టెయో తినిపించాలి. స్పృహ తప్పితే మాత్రం నోట ఏమీ పోయరాదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఎండదెబ్బలో ఒళ్లు కాలిపోతుంటుంది, మనిషి మతి తప్పినట్లు మాట్లాడతాడు. అదీ ఇంటివైద్యానికి లొంగేది కాదు, ఒంటిని తడుపుతూ ఆసుపత్రికి చేర్చాలి. రెండింటిలో ఏదో తేల్చుకోలేనప్పుడు, రోగి మాత్రలు వాడేవాడైతే ముందు తీపి ఇవ్వడమే క్షేమం.

మెంతులు, కాకర, నేరేడు గింజల పొడి వాడేవారు ఆ సంగతిని తమ వైద్యునికి తప్పక తెలపాలి. ఇవి మాత్రలతో కలిస్తే చక్కెర మరింత దిగవచ్చు. ఇంటి మందు కదా, ఏం చేస్తుందిలే అనే తేలికభావం తగదు. నేను ఆ రోజు చేసిన పొరపాటు అదే.

భీమిలిలో మధ్యాహ్నం

మిగిలిన పగలంతా భీమునిపట్నంలో నీడపట్టున గడిపాము. పదిహేడవ శతాబ్దంలో డచ్చివారు వర్తకం చేసిన రేవు ఇది. వారి సమాధుల తోట నేటికీ ఉన్నది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు. అక్కయ్య తెచ్చిన నువ్వుపొడి పులిహోర, అల్లం కరివేపాకు వేసిన పెరుగన్నం తిన్నాము. నడక రోజున ఆహారం స్నిగ్ధంగా, మితంగా ఉండాలి. వ్యాయామం చేసేవారికి స్నిగ్ధభోజనం అవసరమని వాగ్భటుడు చెప్పినది ఊరికే కాదు. ఒట్టి కడుపుతో చేసే శ్రమ వాతాన్ని ప్రకోపింపజేస్తుంది. దాహానికి ధనియాలు, వట్టివేళ్లు రాత్రి నానబెట్టి వడగట్టిన నీరు తెచ్చాము. పేలాలను నీటిలో ఉడికించి ఉప్పు కలిపిన పలుచని జావ కూడా అలసటకు, వాంతికి, దప్పికకు మంచిది. రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించుకోవాలి.

ఎండ చల్లబడ్డాక గోస్తనీనది సముద్రంలో కలిసే చోటుకు మెల్లగా నడిచాము. అనంతగిరి కొండలలో, బొర్రా గుహల ప్రాంతంలో పుట్టిన ఈ చిన్న నది ఇసుకతిన్నెల మధ్య ఏ తొందరా లేకుండా కడలిని చేరుతుంది. మన తీరంలో సూర్యుడు సముద్రంలో అస్తమించడు, కొండల వెనుకకు జారుతాడు. నీటిమీద వెలుగు మాత్రం చాలాసేపు నిలుస్తుంది. బావగారు పావురాలకొండ వైపు చూపి, "ఏమయ్యా వైద్యుడా, దానిమీద కూడా బౌద్ధుల తొట్లు ఉన్నాయట. ఎక్కుదామా?" అన్నారు. వద్దన్నాను. ఆయన వాదించలేదు. ముగ్గురమూ ఒడ్డున కూర్చొని, వలలు దులుపుకుంటున్న జాలరులను చూస్తూ ఉండిపోయాము.

ఇంటికి చేరాక ఆయన పాదాలు గోరువెచ్చని నీటితో కడిగి, వేళ్ల సందులు తుడిచి, బొబ్బలేమైనా ఉన్నాయేమో దీపం వెలుగులో పరీక్షించాను. ఆ తర్వాత నువ్వులనూనెతో పాదాభ్యంగం. పాదాల బిరుసుదనాన్ని, తిమ్మిరిని, బడలికను పోగొట్టి, నిద్రను, కంటిచూపును బాగుచేస్తుందని చెప్పబడిన ఉపచారం ఇది. నూనె రాసిన పాదాలతో లేచి నడిస్తే జారిపడతారు కనుక నిద్రకు ముందే చేయాలి. మోకాళ్లు పట్టేశాయా అని అడిగాను. "ఎడమది కాస్త సలుపుతోంది, కుడిది బాగానే ఉంది" అన్నారు.

సరిగ్గా పదకొండో రోజున అక్కయ్య ఫోన్ చేసింది. ఆయన ఉదయం రెండు ఇడ్లీలు, కాస్త ఉప్మా తిని, చొక్కా జేబులో పంచదార పొట్లం వేసుకొని వీధి చివరి చెరువుగట్టు దాకా వెళ్లి వస్తున్నారట. పావురాలకొండకు ఎప్పుడు తీసుకువెళ్తావో అడగమన్నారట. మాఘమాసం దాటకముందే అని చెప్పాను.