కాపలా సూది

పిల్లలూ, దమ్ము చేసిన పొలంలోనుంచి గట్టెక్కిన ట్రాక్టరును మీరు చూచే ఉంటారు. చక్రాలు కనిపించవు, బురదే కనిపిస్తుంది. ఆ బురద ఎండిందంటే గునపంతో కొట్టినా ఒక పట్టాన రాలదు. గోదావరి డెల్టాలో మా ఊరి యువకుడు ఒకడు ఆ బురద వదలగొట్టి బతుకుతున్నాడు. అతని దగ్గర ఒక చిన్న పెట్రోలు ఇంజను, దానికి తగిలించిన నీటి పంపు, పొడుగాటి గొట్టం ఉన్నాయి. దీనిని ప్రెషరు వాషరు అంటారు. కారు టైరులో గాలి ఒత్తిడి సుమారు 2 బార్లు ఉంటే, ఇటువంటి యంత్రాలు చాలా వాటిలో నీటి ఒత్తిడి 150 బార్లు దాటుతుంది. దాని మూతికి ఎదురుగా చెయ్యి పెడితే చర్మం చీలిపోతుంది. ఇక బురద ఎంత?

నాట్ల రోజులలో ఒక ఉదయం అతడు యంత్రాన్ని తోసుకుంటూ మా పక్కింటి మెకానిక్కు దగ్గరకు వచ్చాడు. అతని ముఖం వాడిపోయి ఉన్నది.

"మేస్త్రీగారూ, కార్బ్యురేటరు కారిపోతున్నదండీ. రాత్రి ట్యాంకు నిండా పెట్రోలు పోశాను. తెల్లవారేసరికి సగమే ఉన్నది. ఇవాళ మూడు ట్రాక్టర్లు కడుగుతానని ఒప్పుకున్నాను. కొత్త కార్బ్యురేటరు కొనాలంటారా?"

మెకానిక్కు ఆ మాటకు జవాబు చెప్పనే లేదు. "ముందు దానిని అవతలికి తోసుకుపో!" అని కేక వేశాడు. పక్కనే కాఫీ హోటలు పొయ్యి మండుతున్నది.

ఎందుకంత కంగారు? పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. అది పొగలాగా పైకి పోదు, నేలబారున పాకుతుంది. మన కంటికి కనబడకుండా పొయ్యిదాకా పోయి, నిప్పు అంటుకుని, వచ్చిన దారినే వెనక్కు రాగలదు. అందుచేత యంత్రాన్ని వేపచెట్టు కిందికి, గాలి ఆడే చోటికి చేర్చారు.

మెకానిక్కు పెట్రోలు కుళాయి మూసి, స్పార్కు ప్లగ్గు తీగ ఊడదీశాడు. "రాత్రి ఈ కుళాయి కట్టలేదా, అబ్బాయ్?" అని అడిగాడు.

"దానిని కట్టాలా అండీ?" అన్నాడు యువకుడు అమాయకంగా. "అడుగు బోల్టు దగ్గర చుక్కలు పడుతుంటే, అది వదులైందనుకుని గట్టిగా బిగించాను. అయినా ఆగలేదు."

మెకానిక్కు కార్బ్యురేటరును గుడ్డతో పొడిగా తుడిచి, ఒక్క నిమిషం కుళాయి తెరిచి చూశాడు. చుక్క పుట్టింది అడుగు బోల్టు దగ్గర కాదు. పైన గాలి లోపలికి పోయే నోటిలోనుంచి పెట్రోలు పొంగి, బయటి గోడ మీదుగా జారి, అడుగు బోల్టు కొనకు చేరి అక్కడినుంచి పడుతున్నది.

"చూశావా? పడే చోటు ఒకటి, పుట్టే చోటు మరొకటి. తప్పు చేయని బోల్టును నువ్వు శిక్షించావు," అన్నాడు మెకానిక్కు నవ్వుతూ.

ఇంతకూ కార్బ్యురేటరు చేసే పని ఏమిటి? పెట్రోలు ద్రవంగా ఉన్నంతసేపూ ఇంజనుకు ఉపయోగపడదు. అది సన్నని తుంపరగా మారి గాలితో కలవాలి. 1 కిలో పెట్రోలు సరిగా మండటానికి సుమారు 15 కిలోల గాలి కావాలి. ఇంజను గాలిని పీల్చుకునే దారిలో ఒకచోట ఇరుకైన గొంతు ఉంటుంది. అక్కడ గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు కింద గిన్నెలో ఉన్న పెట్రోలు సన్నని రంధ్రంగుండా పైకి వచ్చి తుంపర అవుతుంది. పెట్రోలును ఇలా చిమ్మే కార్బ్యురేటరును జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ అనే ఇంజనీరు 1893లో తయారుచేశాడు.

అయితే ఆ గిన్నెలో పెట్రోలు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండాలి. తగ్గితే ఇంజను ఆగుతుంది, పెరిగితే పొంగుతుంది. మట్టాన్ని కాపాడేది ఫ్లోటు, అంటే తేలే బుర్ర. మీ మేడ మీది నీళ్ళ ట్యాంకులో బంతి ఉంటుంది చూడండి, ఇదీ అటువంటిదే. పెట్రోలు పెరిగితే ఫ్లోటు పైకి లేచి, తన మీద ఉన్న చిన్న సూదిని పెట్రోలు వచ్చే రంధ్రంలోకి నొక్కుతుంది. దారి మూసుకుంటుంది. పెట్రోలు తగ్గితే ఫ్లోటు దిగుతుంది, దారి తెరుచుకుంటుంది. రాత్రింబగళ్ళు ఆ వాకిట కాపలా కాసేది ఆ సూదే.

"కాపలావాడు నిద్రపోయాడన్నమాట!" అన్నాడు మెకానిక్కు మేనల్లుడు. వాడు ఏడవ తరగతి చదువుతున్నాడు.

మెకానిక్కు పానాతో రెండు నట్లు విప్పి కార్బ్యురేటరును బయటికి తీశాడు. అడుగు బోల్టు విప్పి, గిన్నెను మెల్లగా దించాడు. గిన్నె అడుగున బెల్లం పాకంవంటి జిగురు, రెండు మూడు నీటి బొట్లు కనిపించాయి. పోయిన సీజనులో మిగిలిన పెట్రోలు వేసవి అంతా అందులోనే ఉండిపోయింది. తేలికైన భాగం ఆవిరైపోగా జిగురు మిగిలింది. ఇప్పుడు మన దేశంలో అమ్మే పెట్రోలులో నూటికి 20 పాళ్ళ వరకు ఇథనాలు కలుస్తున్నది. చెరకు మడ్డి, నూకలు మొదలైన వాటినుంచి తీసే ఈ ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుచేత పెట్రోలును నెలల తరబడి గిన్నెలో నిలవ ఉంచరాదు.

ఫ్లోటును పట్టి ఉంచే చిన్న పుల్లను లాగి, ఫ్లోటునూ సూదినీ బయటికి తీశారు. మేనల్లుడు ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూశాడు. లోపల పెట్రోలు చప్పుడు లేదు, కనుక ఫ్లోటుకు చిల్లి పడలేదు. సూది మొనకున్న రబ్బరుమీద గాడి పడలేదు. కాని సూది కూర్చునే గుంటలో ఆవగింజలో సగం కూడా లేని నలుసు ఒకటి జిగురుకు అంటుకుని ఉన్నది! సగం ట్యాంకు పెట్రోలును బయటికి వదిలింది అదే.

మేనల్లుడు గబగబా పిన్నీసు తీశాడు. "మామయ్యా, నేను పొడిచేస్తాను. 1888లో బెర్తా బెంజ్ కూడా ఇలాగే చేసింది, మా మాస్టరు చెప్పారు."

వాడు చెప్పింది నిజమే. ఆ సంవత్సరం ఆగస్టులో ఆమె ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన కారులో మాన్‌హైమ్ నుంచి ఫోర్‌జైమ్‌కు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణం చేసింది. దారిలో ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోతే తన టోపీకి గుచ్చుకునే సూదితో శుభ్రం చేసింది.

మెకానిక్కు వాడి చెయ్యి పట్టుకున్నాడు. "ఆమె పొడిచింది గొట్టాన్నిరా. గొట్టంలో గీత పడినా నష్టం లేదు. ఈ గుంట అద్దంలాగా నున్నగా ఉండాలి. ఇందులో గీత పడితే సూది ఎంత నొక్కినా పెట్రోలు ఆగదు. అప్పుడు నిజంగానే కొత్త కార్బ్యురేటరు కొనాలి."

ఆ గుంటలో శుభ్రంచేసే ద్రవం చిమ్మి, దూది చుట్టిన పుల్లతో మెల్లగా తుడిచాడు. అన్నీ ఆరాక సూదినీ ఫ్లోటునూ తిరిగి అమర్చి, కార్బ్యురేటరును తలకిందులుగా పట్టుకున్నాడు. పెట్రోలు వచ్చే దారికి శుభ్రమైన గొట్టపు ముక్క తగిలించి ఊదాడు. ఫ్లోటు బరువుకు సూది మూసుకుని గాలి పోలేదు. ఫ్లోటును వేలితో కొంచెం ఎత్తగానే గాలి పోయింది. కాపలావాడు మేలుకున్నాడు!

యువకుడి బిగింపుకు గిన్నె ప్యాకింగు నలిగిపోయింది. దానిని మార్చారు. అంతా బిగించాక యువకుడు ఆత్రంగా స్టార్టు చేసే తాడు అందుకున్నాడు.

"ఆగు!" అన్నాడు మెకానిక్కు. ఆయిలు కొలిచే పుల్ల పైకి తీసి చూపించాడు. ఆయిలు గీత దాటి పైకి ఉన్నది. నీళ్ళలాగా పలచగా ఉన్నది, పెట్రోలు వాసన వేస్తున్నది. రాత్రి పొంగిన పెట్రోలు కొంత సిలిండరులోకి పోయి, అక్కడినుంచి ఆయిలులో కలిసింది. పలచబడిన ఆయిలు ఇనుమూ ఇనుమూ రాచుకోకుండా కాపాడలేదు. తాడు లాగి ఉంటే నలుసుతో పోయే జబ్బు ఇంజను ప్రాణానికి వచ్చి ఉండేది.

ఆయిలు మార్చారు. కుళాయి తెరిచి పావుగంట కనిపెట్టుకుని ఉన్నారు. ఒక్క చుక్క పడలేదు. అప్పుడు తాడు లాగితే రెండవసారికే ఇంజను అందుకున్నది. యువకుడు ప్యాకింగుకూ, ఆయిలుకూ, కూలికీ డబ్బిచ్చి, మధ్యాహ్నానికల్లా మొదటి ట్రాక్టరు దగ్గర ఉన్నాడు.

ఆ రోజునుంచి అతను పని ముగించేటప్పుడు ముందు పెట్రోలు కుళాయి కడుతున్నాడు. గిన్నెలోది అయిపోయి ఇంజను తనంతట తాను ఆగేదాకా ఉండి, ఆ తరువాతనే ఇంటికి పోతున్నాడు.

పిల్లలూ, మీరు పెట్రోలు ఇంజను జోలికి ఒంటరిగా పోవద్దు. కాని ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, నీళ్ళ ట్యాంకు మూత తీయించి చూడండి. నీళ్ళు నిండుతుంటే బంతి లేవటం, ధార సన్నబడటం, చివరకు ఆగటం చూడవచ్చు. ఎప్పుడైనా ట్యాంకు నిండి పొంగితే గొట్టాన్ని తిట్టకండి. బంతి దగ్గర ఏ నలుసు అడ్డుపడిందో ముందు చూడమనండి.