దారి ఒక్కటే, ఖజానాలు నాలుగు

విద్యార్థులారా! మీరు రోజూ కళాశాలకు వెళ్లే బస్సు ఎన్ని సరిహద్దులు దాటుతుందో ఎప్పుడైనా గమనించారా? గ్రామపంచాయతీ వీధిలో బయలుదేరి, పంచాయతీరాజ్ రోడ్డు మీదుగా రోడ్లు, భవనాల శాఖ రహదారి ఎక్కి, చివరకు పురపాలక సంఘం వీధుల్లోకి వస్తుంది. మీకు అది ఒకే దారి. లెక్కల్లో మాత్రం దానికి నలుగురు యజమానులు. వీరిలో ఒక్కరు తమ ముక్కను పట్టించుకోకపోయినా బస్సు మీ ఊరికి రాదు. అందుకే ప్రాంతీయ రవాణా ప్రణాళిక అవసరం.

ఈ బాధ్యత ఎవరిది? 1992లో పార్లమెంటు ఆమోదించిన 73, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చాయి. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు ఉన్నాయి. పురపాలక సంఘాలకు చెందిన 18 అంశాల్లో రోడ్లతోపాటు బస్టాపులు, వీధి దీపాలు కూడా ఉన్నాయి. అయితే ఎవరి ప్రణాళిక వారు వేసుకుంటే రోడ్లు సరిహద్దు దగ్గర కలవవు. కాబట్టి రాజ్యాంగం జిల్లాకొక ప్రణాళికా సంఘాన్ని, 10 లక్షలు, ఆపైన జనాభా గల మహానగర ప్రాంతాలకు మరొక సంఘాన్ని నిర్దేశించింది. మహానగర సంఘంలో కనీసం మూడింట రెండు వంతుల సభ్యులు స్థానిక ప్రతినిధులు ఎన్నుకున్నవారై ఉండాలి.

మరి డబ్బు? స్థానిక సంస్థల సొంత ఆదాయంలో ముఖ్యమైనది ఆస్తి పన్ను. పెద్ద పనులకు అది చాలదు. 2005లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకంలో 40 లక్షలు దాటిన నగరాలకు కేంద్రం 35 శాతం, రాష్ట్రం 15 శాతం ఇచ్చాయి. మిగిలిన 50 శాతం నగరమే సమకూర్చుకోవాలి. అహ్మదాబాద్‌లో 2009లో ప్రారంభమైన జన్‌మార్గ్ బస్సుల వ్యవస్థకు ఈ పథకం తోడ్పడింది. పల్లెలకు 2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వచ్చింది. మొదట ఖర్చంతా కేంద్రానిదే. 2015-16 నుంచి చాలా రాష్ట్రాల్లో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరిస్తున్నాయి.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. రోడ్డు వేయడానికి గ్రాంటు ఒక్కసారి వస్తే సరిపోతుంది. మరమ్మతుకు, బస్సు నడపడానికి ఏటా డబ్బు కావాలి. సడక్ యోజన రోడ్డును మొదటి ఐదేళ్లు కాంట్రాక్టరు చూడాలి. ఆ తర్వాత భారం రాష్ట్రం, స్థానిక సంస్థల మీద పడుతుంది.

2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్లు ఉన్నది వాహనాల కోసం కాదు, మనుషుల కోసమని చెప్పింది. పెద్ద నగరాల్లో రవాణా శాఖలన్నిటినీ కలిపే ఒకే సంస్థ ఉండాలని సూచించింది. అయితే చేతిలో నిధులు లేని సంస్థ సలహా ఇవ్వగలదే కానీ పని చేయించలేదు.

మీ ఊరి గ్రామసభలో, వార్డు సమావేశంలో "రోడ్డు ఎప్పుడు వేస్తారు?" అని అందరూ అడుగుతారు. మీరు ఇంకో ప్రశ్న అడగండి: "ఆరో ఏట దీని మరమ్మతుకు డబ్బు ఏ పద్దులో పెట్టారు?"