పెరిగిన ఊరు, మారిన ఎల్ల: గంజాము తెలుగువారి ద్వైధీభావము

తెలుగున సొంతవూరిని చెప్పుటకు మాటలు పెక్కు కలవు. పుట్టినూరు వేరు, పెరిగిన ఊరు వేరు, మెట్టినూరు వేరు. వీనికి తోడు ఇంటిపేరు చెప్పు ఊరొకటి యుండును. బరంపురములోని యొక నేతకాని ఇంటిపేరు గోదావరి తీరపు గ్రామము పేరై యుండవచ్చును. ఆ గ్రామమును ఆ ఇంట ఏడు తరములవారును చూచి యుండరు. అడిగినవారికి అతడు చెప్పునది మాత్రము బరంపురమే.

ఈ మాటలకన్న సూక్ష్మమైనది మరియొకటి కలదు. తెలుగున 'మా ఊరు' అనుట వేరు, 'మన ఊరు' అనుట వేరు. వినువానిని వెలుపల నుంచి చెప్పునది మొదటిది. వానిని కూడ కలుపుకొని చెప్పునది రెండవది. ఒడియా భాషలో ఈ భేదము లేదు, రెంటికిని ఒకటే మాట. సరిహద్దు పట్టణములలో తెలుగువాడు నోరు తెరచినప్పుడెల్ల ఈ రెంటిలో ఒకదానిని ఎన్నుకొనక తప్పదు. పొరుగింటి తెలుగువానితో 'మన ఊరు' అనును. ఆంధ్రదేశము నుండి వచ్చిన చుట్టముతో 'మా ఊరు' అనును. అదే వాడలో తనతో ఆడి పెరిగిన ఒడియా మిత్రునితో తెలుగున మాటలాడునప్పుడు ఏమనవలెను? ఎక్కువమంది 'మన' అనియే అందురు. ఆ మాటకు ముందు ఒక్క క్షణము ఆగువారును కలరు. ఆ క్షణకాలపు తడబాటే ఈ వ్యాసమునకు విషయము.

రాజనీతిలో ద్వైధీభావము షాడ్గుణ్యములలో నొకటి. ఒకనితో సంధి, మరియొకనితో విగ్రహము నడపు నేర్పునకు ఆ పేరు పెట్టిరి. ఇచట ఆ అర్థము పొసగదు. ఊరిపై ప్రేమయు, ఊరివలన నొచ్చుకొనుటయు ఒకే మనసున ఏకకాలమున ఉండుటయే ఇచటి ద్వైధము. ఇందు నేర్పు లేదు, కపటము అంతకన్న లేదు.

గంజాము జిల్లా 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు మద్రాసు రాజధానిలోనిది. శ్రీకాకుళము, టెక్కలి, పాతపట్నము, సోంపేట కూడ ఆ జిల్లాలోనివే. ఆ దినమున ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినది. బరంపురము, ఛత్రపురము మొదలగు ఉత్తరభాగము దానిలో చేరెను. దక్షిణభాగము విశాఖపట్టణము జిల్లాకు పోయి, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లాగా వేరుపడెను. పర్లాకిమిడి సంగతి మరింత చిక్కైనది. 1933 నాటి శ్వేతపత్రము దానిని ఒరిస్సా వెలుపలనే ఉంచినది. మహారాజు కృష్ణచంద్ర గజపతి నారాయణదేవు పూనికతో వాదము లండను వరకు నడచెను. సంయుక్త పార్లమెంటరీ సంఘము 1934లో ఆ సంస్థానమును చీల్చి, పట్టణమును ఒరిస్సాకు సిఫారసు చేసెను. పట్టణము అటు, పాతపట్నము ఇటు అయినవి. నడుమ మహేంద్రతనయ పారుచున్నది. ఏటికి ఈవలావల నున్నవారు చాలవరకు ఒకరి కొకరు వియ్యంకులు, మేనబావలు, ఇచ్చిపుచ్చుకొనువారు. ఒక్కరును ఇల్లు కదల్చలేదు. ఎల్ల వచ్చి వారి నడుమ నిలిచినది.

ఊరు విడిచి దేశాంతరము పోయినవాని బెంగను గూర్చి చెప్పినవారు పెక్కుమంది. ఊరిలోనే ఉండి, తన కాలిక్రింద ఊరి చిరునామా మారిపోయినవాని బెంగ వేరు విధమైనది. దానికి తిరుగు ప్రయాణము లేదు, పోయిన ప్రయాణమే లేదు గనుక.

ఈ బెంగను పూర్తిగా అనుభవించినవారిలో గిడుగు రామమూర్తి పంతులుగారు అగ్రగణ్యులు. ఆయన 1863 ఆగస్టు 29న వంశధారాతీరమున ముఖలింగము చెంత పర్వతాలపేటలో జన్మించిరి. చదువు విజయనగరమున. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా ప్రవేశించిరి. అది మొదలు ఏబదియైదేండ్లకు పైగా ఆయన ఊరు పర్లాకిమిడియే. అచ్చటి నుండియే కొండలపై సవరల భాషను నేర్చి, వారి పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టించిరి. అచ్చటి నుండియే వ్యావహారిక భాషకై పోరాడిరి. (ఈ వ్యాసపు భాషను చూచినచో ఆయన ఊరకుండెడివారు కారని ఒప్పుకొనవలెను.) ఆయన సవర భాషా వ్యాకరణము 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయమున అచ్చయినది.

పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్చుటను ఆయన తీవ్రముగా ప్రతిఘటించిరి. ప్రతిఘటన ఫలింపలేదు. 1936లో, డెబ్బదిమూడవ యేట, ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. ఆయన పుట్టిన పర్వతాలపేట ఆంధ్రమున నిలిచినది, బ్రతికిన పర్లాకిమిడి పోయినది. అభిమానమునకు పుట్టుకయే ఆధారమైనచో ఆయనకు పోయినదేమియు లేదు! సవర-ఆంగ్ల నిఘంటువు వెలువడినది 1938లో. మహేంద్రగిరి పరిసరములలోని చెట్టు, పుట్ట, పిట్ట, పనిముట్టు పేర్లతో నిండిన ఆ గ్రంథము, దాని కర్త ఆ కొండలకు దూరమైన రెండేండ్లకు లోకమునకు అందెను. 1940 జనవరి 22న ఆయన కన్నుమూసిరి.

ఇప్పటి పర్లాకిమిడిలో ఈ రెండు జ్ఞాపకములును కలవు. మహారాజు కృష్ణచంద్ర గజపతి ఒడియావారికి రాష్ట్రనిర్మాత. ఆయన 1937లో ఒరిస్సాకు మొదటి ప్రధానమంత్రి అయిరి; 1992లో ఏర్పడిన జిల్లాకు గజపతి యని పేరిడిరి. గిడుగువారు తెలుగువారికి భాషాపురుషులు. ఆయన జన్మదినము తెలుగు భాషాదినోత్సవము. ఒకే ఊరిలో పెరిగిన బాలునికి ఇంట ఒక కథ, బడిలో మరియొక కథ. రెండును సత్యములే యగుట వలన వాని చిక్కు ఎక్కువైనది. ఒకటి కల్లయైనచో సులువుగా తేలిపోయెడిది.

ఇచట తెలుగు పెద్దలు సాధారణముగా దాటవేయు విషయమొకటి చెప్పవలసి యున్నది. 1936కు పూర్వపు బరంపురమును వారు వర్ణించునప్పుడు అది కేవలము తెలుగు పట్టణమైనట్లును, అందరును సుఖముగా నుండినట్లును వినబడును. కోర్టులు, వకీళ్ళు, బడులు, కచేరీలు తెలుగువారితో నిండి యుండినమాట నిజమే. వి.వి. గిరిగారు 1894లో బరంపురముననే ఒక న్యాయవాది ఇంట జన్మించిరి. కాని ఆ నిండుదనమే ఒడియావారికి లోటుగా తోచినది. తమ నేలపై తమ భాషకు చోటు లేదని వారు నొచ్చుకొనిరి. 1903లో మధుసూదన దాసుగారు స్థాపించిన ఉత్కళ సమ్మేళనమునకు గంజాము గట్టి అండయైనది. 1913లో శశిభూషణ రథ్ గారి 'ఆశా' పత్రిక బరంపురము నుండియే వెలువడెను. 1936 తరువాత తెలుగువాడు ఏ బాధ పడినాడో, అంతకుముందు అదే వీధిలో ఒడియావాడు ఆ బాధనే పడి యుండెను. ఈ సంగతి ఎరిగినంత మాత్రమున నొప్పి తగ్గదు. అయినను, ఊరు తనకు ద్రోహము చేసినదను మాటను ఎరిగినవాడు అంత తేలికగా పలుకలేడు.

బరంపురమున ఈ కలయిక కేవలము వాదముగా మిగిలిపోలేదు, పండుగగా కూడ నడచుచున్నది. ఆ ఊరి గ్రామదేవత బుఢీ ఠాకురాణి. రెండేండ్ల కొకసారి చైత్రమున ఆమెకు ఇంచుమించు నెలదినముల జాతర. అప్పుడామె గుడి విడిచి దేశీబెహరా వీధిలోని తాత్కాలిక మందిరమున నివసించును. దేశీబెహరా యనగా నేతకాండ్ర కులపెద్ద. మహురీ రాజులు పట్టునేతకై రాజమహేంద్రవరము వైపు నుండి పిలిపించిన తెలుగు నేతకాండ్రకు వీరు సంతతివారని ప్రతీతి. జాతర దినములలో ఆ వీధి అమ్మవారికి పుట్టినిల్లు. రాత్రులందు ఘటములు ఊరేగును. పులివేషములు, దేవతావేషములు వీధులు నిండును. ఒడియా పట్టణపు తల్లికి పుట్టిల్లు తెలుగు మూలపు నేతవాడ! చరిత్రకారుడు దీనికి ఎట్టి వ్యాఖ్య చేసినను చేయవచ్చును. ఆ వాడలోని ముదుసలికి మాత్రము వ్యాఖ్య అక్కరలేదు: ఆడపిల్ల వచ్చినది, నెలాళ్ళుండి వెళ్ళును, అంతే.

ఆ నెలలోనే ఊరు విడిచిపోయినవారును తిరిగి వత్తురు. గంజాము నుండి సూరతు మరమగ్గములకు పోయినవారు వేలకొలది కలరు. విశాఖపట్టణము, హైదరాబాదు, భువనేశ్వరములలో ఉద్యోగములు చేయువారు మరికొందరు. వారికి ఊరు జాతరనాడు ఎంతో పెద్దది, మరునాడు మిక్కిలి ఇరుకైనది. వచ్చినంతనే పఖాళము, బడిచూర అడుగుదురు. ఆ చద్దియన్నమును ఇంట తెలుగుపేరుతో పిలుచువారు తక్కువ. నాలుగు దినములు గడచిన పిమ్మట మురుగుకాలువలను, ఇరుకు సందులను నిందింతురు. రైలెక్కునప్పుడు కన్నీరు పెట్టుకొందురు. ఇది కపటము కాదు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లయు ఇట్లే చేయును. ఆమెను ఎవరును తప్పుపట్టరు.

ఎల్ల దాటినవానికి మరియొక కష్టము కలదు. ఒడిశాలో నున్నంతకాలము వానిని తెలుగువాడందురు. శ్రీకాకుళము దాటి వెళ్ళగానే, యాసను బట్టి, వాడు చెప్పిన ఊరిపేరును బట్టి 'ఒరియా అబ్బాయి' యందురు. పెండ్లి సంబంధమునకు పోయిన పెద్దలకు "పిల్లకు తెలుగు చదువను వచ్చునా, బావూ?" అను ప్రశ్న ఎదురగుచున్నది. అడుగుటలో దురుద్దేశము లేకపోవచ్చును. కాని ఇంట తెలుగు తప్ప మరియొకటి మాటలాడని తల్లి ఆ ప్రశ్నను ఎట్లు మరచును? బళ్ళారి తెలుగువారును ఈ అనుభవము నెరిగినవారే. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఇటు నిలిచి, బళ్ళారి మైసూరులో చేరినది. పట్టణము మారినను ప్రశ్న అదే.

ఊరి పేరే రెండు విధములు: తెలుగున పర్లాకిమిడి, ఒడియాలో పారళాఖెముండి, తెలుగున బరంపురము, ఒడియాలో బ్రహ్మపుర. తెలుగు బడిలో 'మా ఊరు' అను వ్యాసము వ్రాయుమన్నప్పుడు పిల్లవాడు బోర్డులపై చూచిన పేరును తెలుగు లిపిలో వ్రాయును. ఉపాధ్యాయుడు దిద్దవలెనా? బోర్డు ప్రకారము పిల్లవాడు తప్పు వ్రాయలేదు. ఇంటిలో వాని అవ్వ పలుకు పేరును గూర్చి అడుగుటయే మేలు. అప్పుడు పిల్లవాడు రెండు పేర్లను వ్రాసికొని వచ్చును.

1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350-ఎ అధికరణము ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు తగిన వసతి కల్పింపవలెనని చెప్పుచున్నది. అధికరణము గట్టిది, తరగతిగది పలుచనిది. తల్లిదండ్రులు తెలుగు బడికి పిల్లలను పంపుటకు వెనుదీయుచున్నారు. వారిని నిందించి ప్రయోజనము లేదు. ఊరిలో బ్రతుకుటకు ఒడియా, ఊరు విడుచుటకు ఇంగ్లీషు కావలెనని వారు లెక్క వేసికొన్నారు. తెలుగు ఊరిని గుర్తుంచుకొనుటకు మాత్రమే పనికివచ్చునని వారి తలంపు. ఆ లెక్కలో పొరపాటు ఎచట నున్నదో దస్తావేజు పెట్టె తెరచిననాడు గాని తెలియదు.

1936కు ముందు పర్లాకిమిడిలోను, బరంపురములోను వ్రాయబడిన ఇంటి పత్రములు పలు కుటుంబములలో తెలుగున నున్నవి. గొలుసుకట్టు వ్రాత, వెలసిన సిరా, మడతలలో చిరిగిన కాగితము. తాత పోయిన పిమ్మట మనుమలు ఇల్లమ్మ దలచి పెట్టె తీయుదురు. ఒకడు భువనేశ్వరము నుండి, ఒకడు హైదరాబాదు నుండి వచ్చి యుండును. ఇద్దరికిని ఆ వ్రాత అంతుపట్టదు. అప్పుడు వీధిలోని ముసలి తెలుగు మాస్టరుగారికి కబురు పోవును. ఆయన కండ్లజోడు సవరించుకొని, కాగితమును వెలుతురునకు పట్టి, హద్దులు చదువును: తూర్పున ఒక తెలుగు సెట్టిగారి దొడ్డి, దక్షిణమున రాజవీధి, పడమట ఒక ఒడియా కరణముగారి ఇల్లు, ఉత్తరమున ఉమ్మడి నుయ్యి. కొనవచ్చిన ఆసామి ఆ కరణముగారి మునిమనుమడే కావచ్చును. నుయ్యి ఇప్పుడున్నదా యని మనుమలలో ఒకడడుగును. పూడ్చి చాలకాలమైనదని, దాని నీరు మాత్రము తియ్యగా నుండెడిదని ఆయన ఒడియాలోనే చెప్పును.