బొమ్మలకు స్వయంవరం!

బొమ్మల షాపులో రెండు బొమ్మలు పక్కపక్కనే ఉంటాయి. ఎత్తు ఒకటే. ప్లాస్టిక్కూ ఒకటే. రెండిటికీ పసుపు జుట్టు, నీలం గౌను. కానీ ఒకదాని ధర రెండోదానికి రెట్టింపు. ‘ఇది తీసుకో బంగారం, ఇదీ బాగుంది కదా’ అని అమ్మ ఎంత నచ్చజెప్పినా ఐదేళ్ల పాప వినదు. ‘అది ఎల్సా కాదు’ అంటుంది. అంతే! నాన్న పర్సు తీయాల్సిందే.

మనం ఆ అదనపు డబ్బు ఇస్తున్నది బొమ్మకు కాదు, పేరుకు. ఆ పేరు తమ అట్టపెట్టె మీద వేసుకునే హక్కు కోసం బొమ్మల కంపెనీలు దాదాపు వందేళ్లుగా పోటీ పడుతున్నాయి. ఆ పోటీలో తేలినవాళ్లున్నారు, మునిగినవాళ్లున్నారు. ఎవరు మునిగినా చెక్కుచెదరనిది మాత్రం ఒక్కరే... పాత్రకు యజమాని!

రైలును లాగిన ఎలుక

1929లో వాల్ట్ డిస్నీ న్యూయార్క్‌లోని ఓ హోటల్లో దిగాడు. ఎవరో ఒకాయన వచ్చి, పిల్లలు రాసుకునే కాగితం పుస్తకాల మీద మిక్కీ మౌస్ బొమ్మ వేసుకుంటానని అడిగి 300 డాలర్లు చేతిలో పెట్టాడట. డబ్బుకు కటకటగా ఉన్న రోజులు కావడంతో డిస్నీ కాదనలేదు. సినిమా చూపించడమే కాదు, సినిమాలోని బొమ్మను అద్దెకిచ్చీ సంపాదించవచ్చని తెలిసిందప్పుడే. 1932లో కే కేమెన్ అనే వ్యాపారి ఆ పనంతా తన చేతిలోకి తీసుకుని దాన్నో పెద్ద వ్యాపారంగా మార్చాడు.

అమెరికాలో అది ఆర్థికమాంద్యం విలయతాండవం చేస్తున్న కాలం. ఆటరైళ్లు తయారుచేసే లయొనెల్ కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. 1934లో మిక్కీ, మిన్నీ కలిసి నడిపే చిన్న బండిని ఒక డాలరుకు అమ్మకానికి పెట్టింది. రెండున్నర లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. కంపెనీ గట్టెక్కడానికి అదీ ఓ చెయ్యి వేసింది. ఒక ఎలుక రైలును లాగేసిందన్నమాట!

వద్దన్నది ఒకరు... వరం ఇంకొకరికి

ఈ వ్యాపారంలో ఇప్పటికీ చెప్పుకునే కథ ‘స్టార్ వార్స్’ది. దర్శకుడు జార్జ్ లూకాస్ పారితోషికం పెంచమని పట్టుబట్టకుండా, బొమ్మలూ బట్టలూ లాంటి సరుకుల హక్కులు, తర్వాతి భాగాల హక్కులు తనకే ఉంచమన్నాడు. అప్పట్లో వాటికి అంత విలువ ఉంటుందని ఫాక్స్ స్టూడియో అనుకోలేదు.

1976లో ఆ బొమ్మల హక్కులు మెగో కంపెనీ గుమ్మం తొక్కాయి. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ బొమ్మలతో అప్పటికి మెగో దశ తిరుగుతోంది. ‘మాకొద్దు’ అనేసింది. చివరికి సిన్సినాటీలోని కెన్నర్ కంపెనీ సరేనంది.

1977 మే 25న సినిమా విడుదలైంది. జనం విరగబడ్డారు. కెన్నర్ గుండెలో రాయి పడింది. ఎందుకంటే బొమ్మలు సిద్ధంగా లేవు! నమూనా గీసి, స్టూడియోతో ఒప్పించుకుని, ఉక్కు అచ్చులు పోయించి, రంగులద్ది షాపుకు చేర్చాలంటే ఏడాదికి అటూ ఇటూగా పడుతుంది. క్రిస్మస్ చూస్తే ముంచుకొస్తోంది. అప్పుడు కంపెనీ ఎవరూ చేయని పని చేసింది. ఖాళీ అట్టపెట్టె అమ్మింది! లోపల ఒక కూపన్. దాన్ని పోస్టు చేస్తే వచ్చే ఏడాది నాలుగు బొమ్మలు ఇంటికొస్తాయి. చెట్టు కింద కానుక విప్పిన పిల్లలకు దొరికింది ఆ కాగితమే. అయినా కొన్నారు. 1978 నుంచి 1985 వరకూ కెన్నర్ అమ్మిన స్టార్ వార్స్ బొమ్మలు పాతిక కోట్లకు పైమాటే.

మరి మెగో? చేసిన పొరపాటును దిద్దుకుందామని తర్వాత వచ్చిన అంతరిక్ష సినిమాలూ సీరియళ్ల హక్కులు వరసపెట్టి కొంది. స్టార్ ట్రెక్, ద బ్లాక్ హోల్, బక్ రోజర్స్... ఆ బొమ్మలేవీ అనుకున్నంతగా కదల్లేదు. 1982లో దివాలా పిటిషన్ వేసింది. వద్దన్నది బంగారమైంది, కావాలని కొన్నది బరువైంది.

మినిమమ్ గ్యారంటీ

మన సినిమా డిస్ట్రిబ్యూటర్లు నైజాం హక్కులు, సీడెడ్ హక్కులు కొంటారు కదా. ఇదీ అలాంటిదే. బొమ్మ టోకు ధరలో ఇంత శాతమని పాత్ర యజమానికి రాయల్టీ కట్టాలి. మామూలుగా పది శాతానికి అటూ ఇటూ, గిరాకీ ఉన్న పాత్రలకు ఇంకా ఎక్కువ. దానికితోడు, బొమ్మలు అమ్ముడైనా కాకపోయినా ఇంత మొత్తం తప్పక ఇస్తామని ముందే రాసివ్వాలి. అదే మినిమమ్ గ్యారంటీ. సినిమా ఆడుతుందో లేదో తెలియకముందే ఈ సంతకాలన్నీ అయిపోతాయి.

1997లో హాస్బ్రో కంపెనీ స్టార్ వార్స్ కొత్త భాగాల కోసం 60 కోట్ల డాలర్లకు దగ్గరగా గ్యారంటీ ఇచ్చింది. 1999లో వచ్చిన మొదటి భాగం బాగానే ఆడినా, షాపుల్లో బొమ్మల గుట్టలు మిగిలాయి. చివరికి 2003లో మళ్లీ బేరానికి కూర్చుని, గ్యారంటీని 8.5 కోట్ల డాలర్లు తగ్గించుకుని, ఒప్పందాన్ని 2018 వరకూ పొడిగించుకుంది. వేలంపాటలో గెలిచినవాడు ఇంటికెళ్లి లెక్క చూసుకుని తల పట్టుకోవడం అంటే ఇదే.

రాకుమార్తెలు చేతులు మారారు

2000లో ఆండీ మూనీ అనే అధికారి నైకీ నుంచి డిస్నీకి వచ్చాడు. ఓ రోజు మంచుమీద జరిగే డిస్నీ ప్రదర్శన చూడ్డానికి వెళ్లాడు. క్యూలో నిలబడ్డ చిన్నారులంతా రాకుమార్తెల గౌన్లలో ఉన్నారు. అవేవీ డిస్నీ అమ్మినవి కావు. అమ్మలు ఇంట్లో కుట్టినవి! మూనీకి విషయం అర్థమైపోయింది. సిండ్రెల్లా, స్నోవైట్, ఏరియల్... వేర్వేరు కథల్లోని వాళ్లందర్నీ కలిపి ‘డిస్నీ ప్రిన్సెస్’ అని ఒకే గొడుగు కిందకు తెచ్చారు. 2001లో 30 కోట్ల డాలర్లున్న అమ్మకాలు 2006 నాటికి 300 కోట్ల డాలర్లకు చేరాయి.

ఆ రాకుమార్తెల బొమ్మలు చేసేది బార్బీ సృష్టికర్త మ్యాటెల్. 2013 నవంబరులో ‘ఫ్రోజెన్’ వచ్చి, ఎల్సా, ఆనాల కోసం పిల్లలు వెర్రెత్తిపోయారు. కానీ అదే ఏడాది మ్యాటెల్ ‘ఎవర్ ఆఫ్టర్ హై’ పేరుతో స్నోవైట్ లాంటి కథల్లోని వాళ్ల పిల్లలంటూ సొంత బొమ్మలు దించింది. అద్దె ఇంట్లో ఉంటూ ఎదురుగానే అలాంటి ఇల్లు కట్టినట్టన్నమాట. 2014 సెప్టెంబరులో పిడుగులాంటి వార్త... 2016 నుంచి రాకుమార్తెలూ, ఫ్రోజెన్ అక్కచెల్లెళ్లూ మ్యాటెల్‌ను వదిలి హాస్బ్రో దగ్గరికి వెళ్తున్నారని! ఏళ్ల తరబడి నడిచిన వ్యాపారం ఒక్క సంతకంతో చేజారింది. బార్బీ అమ్మకాలు కూడా పడిపోతున్న రోజులవి. 2015 జనవరిలో మ్యాటెల్ సీఈవో బ్రయాన్ స్టాక్టన్ పదవి నుంచి తప్పుకున్నారు.

కథ అక్కడితో ఆగలేదు. 2022 జనవరిలో మళ్లీ ప్రకటన... 2023 నుంచి ఎల్సా తిరిగి మ్యాటెల్‌కే! ఇన్నేళ్లలో ఒకరు కళ్ల రంగులు మార్చి అచ్చులు పోశారు, ఇంకొకరు ఆ అచ్చుల్ని పక్కన పడేశారు. రాకుమార్తె ఎవరి మెళ్లో దండ వేసినా కట్నం మాత్రం డిస్నీ ఖజానాకే చేరింది.

2025లో అదే కథ కొత్త రూపంలో వచ్చింది. జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘కేపాప్ డీమన్ హంటర్స్’ యానిమేషన్ సినిమా విడుదలై ప్రపంచాన్ని ఊపేసింది. షాపులకు వెళ్తే ఆ అమ్మాయిల బొమ్మల్లేవు. ఆ అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్ బొమ్మల హక్కుల్ని మ్యాటెల్, హాస్బ్రో రెండిటికీ కలిపి ఇచ్చింది. సరుకు 2026లో వస్తుందని చెప్పింది. 1977 నాటి ఖాళీ పెట్టె గుర్తొస్తోంది కదూ!

మన భీముడు ఎవరివాడు?

ఈ సంగతి మన దగ్గరా ఉంది. 2008లో పోగో చానల్లో మొదలైన ‘ఛోటా భీమ్’ హైదరాబాద్‌వాడే. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సృష్టి. స్కూలు బ్యాగు మీదా, టీషర్టు మీదా, నీళ్ల సీసా మీదా అతణ్ని చూసే ఉంటారు. కొండపల్లిలో పొణికి చెక్కతో దశావతారాలు చేసే కళాకారుడు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. భారతంలోని భీముణ్ని చెక్కినా అడిగేవాళ్లుండరు. అదే లడ్డూ తినే ఛోటా భీమ్‌ను చేసి అమ్మాలంటే మాత్రం యజమాని సంతకం కావాలి. పురాణాల భీముడు అందరివాడు, కార్టూన్ భీముడు కంపెనీవాడు. అంతే తేడా.

ఈసారి షాపులో పాప పేచీ పెడితే కోప్పడకండి. దాని తప్పేమీ లేదు. ఆ పేరు దాని మనసులో నాటుకోవడానికి కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి మరి. కానీ ఒక్కమాట గుర్తుంచుకోండి. డిస్నీకి ఆ కోట్ల వ్యాపారాన్ని చూపించింది క్యూలో నిలబడ్డ ఆ చిన్నారులే. వాళ్లను రాకుమార్తెల్ని చేసింది ఏ కంపెనీ పెట్టె కూడా కాదు. ఇంట్లో అమ్మ కుట్టిన గౌను!