తొలి ఆట

'పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది' అని లోకోక్తి. గొప్పవారి గొప్పతనం మొదటి రోజునే తెలిసిపోతుందని దీని భావం. ఈ మాట అన్ని సందర్భాలలోనూ నిజమేనా? ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలో అమెరికాలో బేస్‌బాల్‌ను వృత్తిగా స్వీకరించిన కొందరి తొలి ఆటలను పరిశీలిస్తే ఈ ప్రశ్నకు ఆసక్తికరమైన సమాధానం లభిస్తుంది.

క్రికెట్ వలె బేస్‌బాల్ కూడా బంతితో, బ్యాటుతో ఆడే ఆట. ఒక్కొక్క జట్టులో తొమ్మిదిమంది ఆడతారు. బంతి విసిరేవాడిని 'పిచర్' అంటారు. బంతిని కొట్టినవాడు మూడు బేస్‌లను వరుసగా తాకి, బయలుదేరిన చోటికి తిరిగి చేరితే ఒక పరుగు వస్తుంది. ముగ్గురు ఔటైతే ఆ జట్టు వంతు ముగుస్తుంది. సాధారణంగా ప్రతి జట్టుకూ తొమ్మిది వంతులుంటాయి. ఒకే దెబ్బతో అన్ని బేస్‌లనూ చుట్టి రావడమే 'హోమ్‌రన్'. ఈ ఆటలో పది ప్రయత్నాలలో మూడుసార్లు సఫలుడైనవాడిని మేటి బ్యాటర్‌గా పరిగణిస్తారు. అంటే ఎంతటి ఆటగానికైనా గెలుపు కంటె వైఫల్యమే ఎక్కువసార్లు ఎదురవుతుందన్నమాట.

1876లో ఏర్పడిన నేషనల్ లీగ్‌కు పోటీగా 1901లో అమెరికన్ లీగ్ రంగంలోకి వచ్చింది. ఈ రెండింటినీ కలిపి మేజర్ లీగ్‌లు అంటారు. వాటిలో మొత్తం పదహారు జట్లుండేవి. ఇరు లీగ్‌ల విజేతల మధ్య 1903లో మొదటి వరల్డ్ సిరీస్ జరిగింది. పల్లెల నుండి, చిన్న పట్టణాల నుండి, కళాశాలల నుండి యువకులు ఈ జట్లలోకి వచ్చేవారు. ఒకసారి ఒప్పందంపై సంతకం చేస్తే, ఆ జట్టు తనంతట తాను విడిచిపెట్టే వరకు లేదా మరొక జట్టుకు అమ్మివేసే వరకు ఆటగాడు వేరొక చోటికి పోవడానికి వీలుండేది కాదు. చిన్న లీగ్‌ల నుండి పిలిపించడమైనా, తిరిగి అక్కడికే పంపివేయడమైనా జట్టు ఇష్టమే. కాబట్టి తొలి ఆట ఆ యువకులకు జీవన్మరణ పరీక్షలా తోచేది.

జార్జియా రాష్ట్రానికి చెందిన టై కాబ్ 1905 ఆగస్టు 30న డెట్రాయిట్ జట్టు తరఫున తొలిసారి బరిలోకి దిగాడు. అప్పటికి అతని వయస్సు పద్దెనిమిదేళ్లు. మూడు వారాల క్రితమే తల్లి పేల్చిన తుపాకికి తండ్రి బలి అయ్యాడు. ఆ దుఃఖాన్ని దిగమింగుకొని వచ్చిన అతనికి ఎదురుగా నిలిచిన పిచర్ జాక్ చెస్‌బ్రో. అంతకు ముందటి ఏడాది 41 విజయాలు సాధించిన దిట్ట! అయినప్పటికీ కాబ్ తన మొదటి అవకాశంలోనే బంతిని దూరంగా కొట్టి రెండో బేస్‌కు చేరుకున్నాడు. ఆ దెబ్బకు రెండు పరుగులు వచ్చాయి. పువ్వు పుట్టగానే పరిమళించినట్లే కనిపించింది. కాని ఆ సంవత్సరం ఆడిన 41 ఆటలలో అతని సగటు .240 మాత్రమే. అంటే వెయ్యి అవకాశాలకు 240 సార్లు సఫలుడైనట్లు. అటువంటివాడు కఠోర సాధనతో ఆ తరంలోని అగ్రశ్రేణి బ్యాటర్‌గా ఎదిగాడు.

వాల్టర్ జాన్సన్ కథ ఇందుకు భిన్నమైనది. ఐడహో రాష్ట్రంలోని వీజర్ అనే చిన్న పట్టణంలో ఆడుతున్న ఈ యువకుని వేగాన్ని గుర్తించి వాషింగ్టన్ జట్టు అతడిని రప్పించింది. పందొమ్మిదేళ్ల జాన్సన్ 1907 ఆగస్టు 2న తన తొలి ఆటలో కాబ్ ఉన్న డెట్రాయిట్ జట్టునే ఎదుర్కొన్నాడు. అతని బంతులను బలంగా కొట్టడం కష్టమని డెట్రాయిట్ ఆటగాళ్లు గ్రహించారు. అందువల్ల బ్యాటును బంతికి అడ్డుపెట్టి, దానిని నేలమీద మెల్లగా దొర్లించి పరుగెత్తారు. ఈ పద్ధతినే 'బంట్' అంటారు. ముందుకు ఉరికి ఆ బంతులను అందుకోవడంలో కొత్తవాడైన జాన్సన్ తడబడ్డాడు. అతని జట్టు 3-2 తేడాతో ఓడిపోయింది. ఆ ఓటమి అతడిని కుంగదీయలేదు. ఆ మరుసటి ఏడాదే న్యూయార్క్ జట్టుపై నాలుగు రోజుల వ్యవధిలో మూడు ఆటలు ఆడి, ప్రత్యర్థికి ఒక్క పరుగైనా ఇవ్వకుండా మూడింటినీ గెలిచాడు. మొత్తం 417 విజయాలతో చరిత్రలో నిలిచిపోయాడు.

కొన్నిసార్లు తొలి ఆట ఒక ప్రతిభను చూపి, అంతకు మించిన మరొక ప్రతిభను దాచిపెడుతుంది. బాల్టిమోర్‌లోని ఒక సంరక్షణ పాఠశాలలో పెరిగిన బేబ్ రూత్ 1914 జులై 11న బోస్టన్ రెడ్ సాక్స్ జట్టుకు పిచర్‌గా ఆడాడు. జట్టు 4-3 తేడాతో గెలిచింది. కాని బ్యాటు పట్టిన మొదటిసారి అతడు బంతిని కొట్టలేక ఔటయ్యాడు. ఏడో వంతులో అతనికి బదులుగా మరొకరిని బ్యాటింగుకు పంపారు. కొన్ని వారాలకే అతడిని చిన్న లీగ్‌కు కూడా పంపివేశారు. అటువంటి రూత్ తరువాతి కాలంలో 714 హోమ్‌రన్‌లు కొట్టి, ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. 1974 వరకు ఆ సంఖ్యను ఎవరూ దాటలేకపోయారు.

మరి తొలి ఆటే చివరి ఆట అయితే? 'మూన్‌లైట్' అనే ముద్దుపేరు గల ఆర్చీ గ్రాహమ్ వైద్యవిద్యను అభ్యసించినవాడు. 1905 జూన్ 29న అతడిని న్యూయార్క్ జయంట్స్ జట్టు ఆట చివరలో ఫీల్డింగుకు పంపింది. బ్యాటింగుకు అతని వంతు రాకముందే ముందున్నవాడు ఔటయ్యాడు. ఆ తర్వాత మేజర్ లీగ్‌లో మళ్లీ అవకాశం రాలేదు. గ్రాహమ్ మిన్నెసోటా రాష్ట్రంలో ఇనుప గనులున్న చిషోమ్ పట్టణంలో స్థిరపడి, దశాబ్దాలపాటు పాఠశాల పిల్లలకు వైద్యం చేశాడు. పిల్లల రక్తపోటుపై పరిశోధన కూడా చేశాడు. 1965లో మరణించేనాటికి ఆ ఊరి ప్రజల హృదయాలలో చెరగని స్థానం సంపాదించుకున్నాడు. ఒక రంగంలో దొరకని సాఫల్యాన్ని మరొక రంగంలో సాధించాడు.

వీరందరికీ కనీసం ఒక్క ఆటైనా దక్కింది. ఆ భాగ్యం నల్లజాతి ఆటగాళ్లకు లేదు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుండి వర్ణవివక్ష కారణంగా వారికి మేజర్ లీగ్‌ల ద్వారాలు మూసివేశారు. వారు నీగ్రో లీగ్‌లలో ఆడుకోవలసి వచ్చింది. వారిలో మహాబ్యాటర్‌గా పేరొందిన జోష్ గిబ్సన్ 1947 జనవరిలో మరణించాడు. సరిగ్గా మూడు నెలలు తిరగకముందే, 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు తరఫున ఆడి ఆ అడ్డుగోడను కూల్చాడు. ఆనాడు అతని బ్యాటు నుండి చెప్పుకోదగిన దెబ్బ ఒక్కటీ రాలేదు. అయినా అమెరికా క్రీడాచరిత్రలో అంతటి విలువైన తొలి ఆట మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు. 2024లో నీగ్రో లీగ్‌ల లెక్కలను మేజర్ లీగ్ గణాంకాలలో చేర్చగా, .372 సగటుతో గిబ్సన్ టై కాబ్‌ను మించి ప్రథమ స్థానంలో నిలిచాడు. కాని ఆ గౌరవాన్ని అందుకోవడానికి అతడు జీవించి లేడు.

కనుక పరిమళం మొదటి రోజునే తెలియాలన్న నియమం లేదు. జాన్సన్ వలె ఓటమితో మొదలుపెట్టినవాడు విజేత కావచ్చు. రూత్ వలె ఒకరి అసలు ప్రతిభ ఆలస్యంగా వెలుగు చూడవచ్చు. తొలి ప్రయత్నంలో తడబడటం అవమానం కాదు. సాధన చేసేవారికి రెండో రోజు, మూడో రోజు కూడా ఉంటాయి. కాని పువ్వు వికసించడానికి మొక్కకు ముందుగా కాస్త నేల దొరకాలి. ప్రతిభను పరీక్షించే హక్కు సమాజానికి ఎంత ఉన్నదో, ఆ పరీక్షకు అందరినీ సమానంగా అనుమతించవలసిన బాధ్యతా అంతే ఉన్నది.